మొదటి రెండు తూటాలు

మా బావ తుపాకుల డాక్టరు. ఆ మాట అంటే మాత్రం ఒప్పుకోడు. "డాక్టర్ల చేతిలో అప్పుడప్పుడు రోగులు పోతారు. నా చేతిలో ఒక్కటీ పోలేదు" అంటాడు. అక్కనిచ్చాం కాబట్టి భరించాలి. ఆనకట్టకు కాపలా కాసే దళంలో ముప్పై ఏళ్ళుగా ఆయుధాల గది ఆయనది. అదే దళంలో గురి మైదానంలో కాగితాలు అంటించి, ఎవరి తూటా ఎక్కడ తగిలిందో రాసే పని నాది.

ఆ గది గోడకు ఇరవై రైఫిళ్ళు ఉండేవి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తర్వాతిది దానంతటదే ఎక్కే రకం. వాటిలో కదిలే సామాను ఎక్కువ, అందుకే అలకలూ ఎక్కువని బావ లెక్క. దుర్భిణి స్క్రూ అరచుట్టు వదులైనా, తూటాలు పెట్టే మ్యాగజైను ఇసుకమూటకు ఆనుకున్నా, భుజం పట్టీ గట్టిగా లాగినా, రెండు రకాల తూటాలు కలిపినా గురి మారుతుంది. అవన్నీ ఆయన ముందే చూసి పెట్టేవాడు. పరీక్ష రోజు పొద్దున్నే ప్రతి గొట్టాన్నీ లోపల తళతళలాడేలా తుడిచి, నూనె గుడ్డ దూర్చి, ఈగ వాలితే జారిపడేలా చేసి అప్పగించేవాడు. ఆ తర్వాత ఎవరైనా రైఫిల్ బాగాలేదంటే "ఆడలేక మద్దెల ఓడు" అని తిప్పి పంపేవాడు. ఎదురు చెప్పినవాణ్ని నేను చూడలేదు.

ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్ళలో ఒకామె ఇదివరకు బట్టలు కుట్టేది. అందరూ టైలరమ్మ అనేవాళ్ళు. పది తూటాల్లో ఎనిమిది కాగితం మీది వలయంలో పడితేనే ఉద్యోగం ఖాయం. మూడుసార్లు తప్పితే ఇంటికే. ఆమెకు రెండుసార్లూ ఏడే వచ్చాయి. ఇక మిగిలింది మర్నాటి పరీక్ష ఒక్కటే.

"ఆ అమ్మాయికి చెయ్యి వణుకుతోంది. మనం మాత్రం ఏం చేస్తాం" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

నాకు ఉసూరుమనిపించింది. రోజూ సాధన చేసేటప్పుడు ఆమె చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం ఆమె రెండు కాగితాలూ పట్టుకెళ్ళి బావ బల్ల మీద పెట్టాను.

"రైఫిల్ ఒకసారి చూడు బావా."

"రైఫిల్‌కేం, నిక్షేపంలా ఉంది" అన్నాడు. అయినా రోషం ఆగలేదు. పొద్దున సాధనలో ఆమె కాల్చిన ఆ రైఫిల్‌నే మైదానానికి తీసుకెళ్ళి ఇసుకమూటల మీద ఆనించి పది కాల్చాడు. పదీ అరచేతిలో పట్టేంత చోటులో పడ్డాయి. నా వంక చూసిన చూపుకు ఇంకెవరైనా అయితే పారిపోయేవాళ్ళు.

నేను కదల్లేదు. ప్రతి రంధ్రం పక్కనా అది ఎన్నో తూటాదో అంకె వెయ్యడం నాకు అలవాటు. రెండు కాగితాల్లోనూ ఒకటో అంకె, రెండో అంకె వలయం దాటి పైన కుడిపక్కన ఉన్నాయి. మిగతా అంకెల్లో ఒక్కటి తప్ప అన్నీ లోపలే. మిగతా వాళ్ళ కాగితాలూ తీసి చూపించాను. అందరివీ మొదటి రెండూ బయటే. వాళ్ళు సరిగ్గా ఎనిమిదితో గట్టెక్కారు. ఆమెకు ఒకటి ఎక్కువ తప్పింది.

బావ కూర్చుని, ఒక్కో కాగితం మీదా ఆ రెండంకెల మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత లేచి, అదే రైఫిల్‌ని తన పద్ధతిలో తుడిచి, నూనె పట్టించి, మళ్ళీ కాల్చాడు. మొదటి రెండూ పైకి, కుడిపక్కకి వెళ్ళాయి. మూడోది నడిమధ్యన పడింది.

ఇదివరకు పరీక్షకు ముందు అందరూ మట్టిగుట్ట మీదకు రెండేసి కాల్చేవాళ్ళు. గొట్టంలో గురి తప్పించే నూనె పొర వాటితో కాలిపోయేది. తూటాలు పొదుపు చెయ్యాలని మాస్టారు ఆ ఏడాదే అది మానిపించాడు. బావ మాత్రం తుడవడం మానలేదు.

"సరేలే, రేపు తుడవకుండా ఇచ్చెయ్యి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"ఆ పిల్ల పేరు మీద తప్పిన పరీక్షలు రెండున్నాయిరా. అవెవరు చెరుపుతారు?"

మర్నాడు పొద్దున వరుసలో నిలబడ్డ అందరి ముందూ మాస్టారికి చెప్పేశాడు. ఆయన తన తప్పు ఒప్పుకోవడం వినడం నాకదే మొదలు. బాధేసింది. ఆ వెంటనే గర్వంగానూ అనిపించింది. మాస్టారు నా చేతిలోంచి ఆమె పాత కాగితాలు రెండూ తీసుకుని చింపేసి, "ముందు గుట్ట మీదకి రెండు కాల్చమ్మా, అవి లెక్కలోకి రావు. ఆ తర్వాత పది" అన్నాడు.

తొమ్మిది పడ్డాయి. ఆ తొమ్మిదిని మామూలు కంటే పెద్దగా రాశాను.

సాయంత్రం ఆమె ఆయుధాల గదికి వచ్చి బావకు చేతులు జోడించింది.

"నాకెందుకమ్మా దణ్ణం. రెండుసార్లు నిన్ను తప్పించింది నేనే" అన్నాడు బావ.

"తెలుసండీ" అంది.

బావ తలెత్తాడు. "తెలుసా?"

"కుట్టుమిషన్‌కి నూనె వేశాక ముందు పనికిరాని గుడ్డ మీద నాలుగు కుట్లు వేస్తామండీ. వెంటనే మంచి గుడ్డ పెడితే మరకైపోద్ది. మొదటి పరీక్ష రోజే అనుమానం వచ్చింది."

"మరి నాతో చెప్పలేదేం?"

ఆమె నేల చూపులు చూసింది. "తప్పినదాన్ని కదండీ. సాకు చెబుతున్నాననేవారు. ఆపైన మీకు చెప్పేదెవరండీ?"

బావ ముఖం కందగడ్డలా అయింది. ఇంకేముంది, అరుస్తాడనుకున్నాను. ఆయన తన కుర్చీ ఆమె వైపు జరిపి, తను వెళ్ళి తూటాల పెట్టె మీద కూర్చున్నాడు.

"కూర్చోమ్మా. ఇంకా ఏమేం చూశావో చెప్పు."

ఆమె చూసినవి ఇంకో నాలుగున్నాయి.