మూడోసారి అడగని దేశం

ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి, రెండోసారి నసగాలి, మూడోసారి వాళ్ల మాట కాదనలేక ఒప్పుకున్నట్టు మొహం పెట్టాలి. మా గోదావరి వైపు రెండో పెసరట్టు దగ్గర్నుంచి పెళ్లిసంబంధం దాకా ఇదే పద్ధతి. కెనడాలో ఇన్నేళ్లు ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను గానీ, ఇక్కడ ఎవరూ మూడోసారి అడగరన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నా రేడియో నాకుండేది.

నా రేడియో అంటే, కిచెనర్‌లో ఒక చిన్న ఎఫ్ఎం స్టేషన్‌లో ఆదివారం పొద్దున్న నేను నడిపిన తెలుగు గంట. జీతం లేదు, కాఫీ ఉంది. పక్కనున్న కేంబ్రిడ్జ్ ఊరు దాటితే గరగర తప్ప ఏమీ వినిపించదు. అయినా ఆ గంట కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి. రిటైరయ్యాక ఇంట్లో నేను నోరు తెరిస్తే ఎవరి పనులు వాళ్లకు గుర్తొచ్చేవి. మైకు ముందు మాత్రం నా మాటకు అడ్డొచ్చేవాడు లేడు. గుళ్లో కనబడి "అంకుల్, మీ వాయిస్ సూపర్" అనేవాళ్లు కూడా ఉండేవారు.

అలాంటి నాకు ఒకరోజు శాటిలైట్ రేడియో వాళ్లు ఫోన్ చేశారు. వాళ్లది డబ్బు కట్టి కార్లలో వినే రేడియో. వాంకూవర్ నుంచి ఇటు చివర దాకా ఎక్కడైనా ఒకేలా వినిపిస్తుంది. కొత్తగా తెలుగు కార్యక్రమం పెడుతున్నారట, ఎఫ్ఎంలలో ఉన్న మంచి గొంతులన్నిటినీ లాగేసుకుంటున్నారట. ప్రొడ్యూసరమ్మ ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా, "మీరు మా దగ్గరికి వచ్చేస్తారా?" అంది. నా గుండె గంతులేసింది. పైకి మాత్రం, "అబ్బే, నాకెందుకండీ ఇవన్నీ, నేనంతటివాణ్ణి కాదు" అన్నాను.

"నిజంగానా?" అంది. హమ్మయ్య, రెండోసారి! "వయసైపోయిందండీ, ఏదో ఇలా గడిపేస్తున్నాను" అని నసిగాను. ఇక మూడోది రావాలి. ఒప్పుకునే మొహం కూడా సిద్ధం చేసుకున్నాను. ఆ మహాతల్లి, "ఐ టోటల్లీ రెస్పెక్ట్ దట్" అంది. రెస్పెక్టట! ఎవడడిగాడమ్మా నీ రెస్పెక్టు? "మీకు తెలిసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగితే, బెట్టు వదల్లేక, "మా ఆవిడ నాకంటే బాగా మాట్లాడుతుంది" అనేశాను. ఇలా అంటే ఎవరైనా "అయ్యో, మాకు మీరే కావాలి" అనాలా వద్దా? ఫోన్ ఆవిడకివ్వమంది.

మా ఆవిడ పోపు వేస్తూనే ఫోన్ అందుకుని, "యెస్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్" అంది. మొదటిసారికే! ఆవిడదీ గోదావరే!

"అదేమిటే, ఒక్కసారైనా వద్దనవా?" అన్నాను ఫోన్ పెట్టేశాక.

"ఎందుకనాలండీ? నాకు కావాలి కదా" అంది గరిటె తిప్పుతూ.

"డాడ్, యూ సెడ్ నో. ట్వైస్" అంది మా అమ్మాయి, ఎవరూ అడక్కుండానే.

నాకు రోషం పొడుచుకొచ్చింది. నన్ను వదులుకోలేని వాళ్లు కూడా ఉన్నారని వీళ్లకు చూపించాలి. ఎఫ్ఎం మేనేజరు దగ్గరికి వెళ్లి, "శాటిలైట్ వాళ్లు పిలిచారు, ఇక్కడ మానేస్తానేమో" అన్నాను. అబద్ధం కాదు, పిలిచారు. ఇప్పుడాయన నా చేతులు పట్టుకుని బతిమాలాలి. పట్టుకున్నాడు. పట్టుకుని ఊపి, "కంగ్రాచులేషన్స్! మా దగ్గర బాగా మాట్లాడేవాళ్లందర్నీ వాళ్లే ఎగరేసుకుపోతున్నారు, మీ అదృష్టానికి నేను అడ్డురాను" అన్నాడు. నా గంటను అక్కడికక్కడే గుజరాతీ భజనలకు ఇచ్చేశాడు. వీడ్కోలుకు కేకు తెప్పించి ముక్క కోసి ఇవ్వబోతే, అలవాటు చొప్పున వద్దన్నాను. అదీ ఇవ్వలేదు.

శాటిలైట్ వాళ్లకు స్టూడియో అక్కర్లేదు. మా క్లోజెట్‌లోనే పట్టుచీరల మధ్య మా ఆవిడకు మైకు పెట్టారు. చీరలుంటే గొంతు మారుమోగదట. ఆదివారం ఆ గంటసేపూ నేను మిక్సీ వేయకూడదు, దగ్గకూడదు, కుర్చీ జరపకూడదు. ఇల్లు నాది, దగ్గు నాది! అయినా కోటు వేసుకుని డ్రైవ్‌వేలో కారులో కూర్చుని ఆవిడ మాటలు వినేవాణ్ణి. బాగా మాట్లాడేది. నా మంటల్లా అదే.

ఒక ఆదివారం చలికాలంలో ఇడ్లీపిండి పులియబెట్టడం గురించి చర్చ పెట్టింది. మా ఇంట్లో అది నా డిపార్ట్‌మెంటు! ఎవరో ఫోన్ చేసి పిండిని హీటరు మీద పెడతానంటే, ఈవిడ "భేష్" అంటోంది. ఒళ్లు మండి కార్లోంచే ప్రోగ్రాంకి ఫోన్ కొట్టాను.

"నమస్కారమండీ, ఎక్కడి నుంచి?"

"కిచెనర్ నుంచి."

ఆవిడ నా గొంతు గుర్తుపట్టినట్టుంది. "పిండి సంగతి మీరు చెప్పండి" అంది.

చెప్పడానికే ఫోన్ చేసినవాణ్ణి. నోట్లోంచి వచ్చింది మాత్రం, "అబ్బే, నేనేం చెబుతాను లెండి, మీరు కానివ్వండి."

అయిపోయింది, ఇక థాంక్యూ చెప్పి ఇంకో ఫోన్ తీసుకుంటుంది అనుకున్నాను.

"అలా అనకండి. మీరు చెబితే వినాలనుంది" అంది.

రెండోసారి! "నాకేం తెలుసండీ, ఏదో..." అని నసిగాను. కారులో రేడియో ఆపడం మరిచిపోయాను. మనం మాట్లాడింది అందులో కొన్ని క్షణాలు ఆలస్యంగా వస్తుంది. సరిగ్గా అప్పుడే రేడియోలోంచి ఆవిడ మళ్లీ పలికింది: "అలా అనకండి. మీరు చెబితే వినాలనుంది."

మూడోసారి.

"సరే, మీరింతగా అడుగుతున్నారు కాబట్టి చెబుతాను" అని గొంతు సవరించుకున్నాను. "ఓవెన్ వెలిగించకుండా, లోపలి లైటు మాత్రం వేసి, పిండి గిన్నె అందులో పెట్టాలండీ."