కానుకల సంచిలోంచి వచ్చిన కంప్యూటరు

ఇప్పుడు ఒక చిన్న ఇయర్‌ఫోన్ కొనాలన్నా ముక్కూమొహం తెలియని వాళ్ళ అభిప్రాయాలన్నీ చదివితేగాని నా మనసు ఒప్పుకోదు. రెండు వేల సంవత్సరం దాటిన ఆ కాలంలో, సత్తుపల్లి అవతల అడవి మొదలయ్యే చోట ఉన్న మా ఊళ్ళో, మాకు ఇంత కష్టం ఉండేది కాదు. ఏది తేలకపోయినా ప్రార్థన చేసి చీట్లు వేసేవాళ్ళం. ప్రభువు తొలినాటి శిష్యులు తమలో ఖాళీ అయిన స్థానానికి మనిషిని అలాగే ఎంచుకున్నారని ఆదివారం బడిలో నేర్చుకున్న వాళ్ళం కదా! గృహకూడిక ఎవరింట్లో పెట్టాలి, పండగకి మొదటి పాట ఎవరు ఎత్తుకోవాలి, మందిరానికి ఏ రంగు వేయాలి, అన్నీ మందిరంలో చందాలు పట్టే కానుకల సంచిలో పడాల్సిందే. (ఒక ఏడాది వంకాయ రంగు వచ్చింది. ఎవరూ కిక్కురుమనలేదు.)

మా ఇంట్లోనే ఉండే మేనబావకి కంప్యూటర్లో కార్ల పందెం ఆటంటే ప్రాణం. సత్తుపల్లి నెట్ సెంటర్లో గంట కాగానే ఓనరు కుర్చీలోంచి లేపేస్తే, ఇంటికొచ్చి పీట ముందు కూర్చుని స్టీలు పళ్ళెం తిప్పుకునేవాడు. నాకేమో మందిరం పాటలు టైపు చేయాలని ఆశ. (ఆట మీద కూడా ఉండేది, కానీ పైకి పాటలే చెప్పేవాణ్ణి.) ఇద్దరం కలిసి నాయిన వెంటపడ్డాం. ఆయన సంఘపెద్ద, తొందరగా కరిగే రకం కాదు. చివరికి ఒప్పుకుంటూ ఒక మెలిక పెట్టాడు. "ఒక్కపాలే కొనిస్త. మంచిగ ఎంచుకోండి. పనికిరాంది తెచ్చుకుంటిరా, ఇంక ఈ ఇంట్ల కంప్యూటరు మాట ఎత్తొద్దు." మా పాస్టరయ్యగారు కూడా పిలిపించి అడిగారు. "ఆ ఆటల మనుషుల్ని చంపుడు గిట్ల ఉంటదా?" "లేదయ్యగారూ, ఒట్టి కార్లే," అన్నాడు బావ, మొహం గొర్రెపిల్లలా పెట్టి.

రెడీమేడ్ కంప్యూటరు మా బడ్జెట్‌కి అందదు కాబట్టి ఖమ్మంలో విడిభాగాలు కొని బిగించుకోవాలి. ఏ భాగం దగ్గరా మాకు పొసగలేదు. నేనొక కంపెనీ ప్రాసెసర్ అంటే బావ దాని పోటీ కంపెనీ మదర్‌బోర్డు అనేవాడు. నేను పాత రకం ర్యామ్ చాలంటే, బావ ఆటలో బొమ్మలు సాఫీగా కదలడానికి కొత్త రకం గ్రాఫిక్స్ కార్డు లేకపోతే బతకనన్నాడు. గొడవ వినలేక నాయిన కానుకల సంచి తెచ్చి మధ్యలో పెట్టాడు. ఒక్కో భాగానికి నా మాటొక చీటీ, బావ మాటొక చీటీ. తీసేది నాయనమ్మ. ఆమెకి చదువు రాదు కాబట్టి పక్షపాతం ఉండదని ఊరంతా నమ్మేది.

"ముందు డబ్బా సంగతి తేలనీయండ్రా, లోపల ఉండేటియి తర్వాత," అంది నాయనమ్మ. డబ్బాకి, అంటే క్యాబినెట్‌కి, బావ చీటీ వచ్చింది. పక్కన అద్దం, లోపల నీలం లైట్లు వెలిగే ఫ్యాను ఉన్న ఖరీదైన డబ్బా. "తండ్రీ, తర్వాతది... ఏందిరా అది?" "ప్రాసెసరు నాయనమ్మా." "ఆ ప్రాసెసరును ఆశీర్వదించు నాయినా." అది నా చీటీ. మదర్‌బోర్డు బావది, ర్యామ్ నాది, గ్రాఫిక్స్ కార్డు బావది. దేవుడు ఇద్దరిలో ఎవర్నీ నొప్పించలేదని నాయిన కళ్ళు తుడుచుకున్నాడు.

కల్లూరు మీదుగా బస్సులో వెళ్తూ అన్నీ బైబిల్ వాక్యాల్లాగే కంఠతా పట్టాను. ఖమ్మం షాపులో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. నుదుట నామం పెట్టుకున్న షాపాయన కళ్ళజోడు పైకి తోసి, "ఎవలు చెప్పిండ్రు తమ్మీ మీకు?" అన్నాడు. బావ వేలు పైకి చూపించాడు. ఆయన సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు. నేను చీట్ల సంగతి చెప్పాను.

ఆయన నవ్వలేదు. నేను చెప్పిన ప్రాసెసరు, బావ చెప్పిన బోర్డు తీసి పక్కపక్కన పెట్టాడు. ప్రాసెసరు కిందేమో గుండుసూదుల్లాంటి పిన్నులు, బోర్డులో వాటికి తగిన రంధ్రాలే లేవు. ర్యామ్ పెడితే గాడి కలవలేదు.

"కొంచెం విశ్వాసంతో నొక్కితే?" అన్నాడు బావ.

"విశ్వాసంతో నొక్కితే పిన్నులు వంగుతయి తమ్మీ. మా భద్రాద్రి రామయ్యని అడిగినా, పోయి షాపుల కనుక్కోమంటడు."

చీటీని తోసేస్తే దేవుడి మాట తోసేసినట్టు. తోసేయకపోతే ఇనుప తుక్కు ఇంటికి తీసుకెళ్ళి, కంప్యూటరు మాట జన్మలో ఎత్తకూడదు. షాపు ఫోన్లోంచే అయ్యగారికి చేశాను. అంతా విని ఆయన అడిగారు, "మొట్టమొదలు దేనికి చీటీ తీసిండ్రు?"

"డబ్బాకి అయ్యగారూ."

"అట్లయితే అది ఉంచండి. దాంట్ల ఏవేవి ఇముడుతయో ఆ షాపాయన్ని అడగండి. ఆయన్ని అక్కడ కూసోబెట్టింది కూడా దేవుడే గదా."

డబ్బాలో అన్నీ ఇముడుతాయి. కానీ అద్దాల డబ్బాకే బడ్జెట్‌లో పెద్ద ముక్క పోవడంతో, ఒకదానికొకటి కలిసే భాగాలు తీసుకునేసరికి గ్రాఫిక్స్ కార్డుకి చోటు ఉంది గాని చెయ్యి ఖాళీ.

ఇంట్లో స్విచ్ వేయగానే నీలం వెలుగుకి నాయిన "స్తోత్రం!" అన్నాడు. బావ ఆట పెట్టాడు. కారు కాస్త కదిలి ఆగింది. ఆలోచించుకుని మళ్ళీ కదిలింది. వెనకున్న కార్లూ అంతే భక్తితో నడిచాయి. బావ మొహం వాడిపోయింది. నేను నాయిన వైపు చూశాను. అప్పుడు నాయనమ్మ ముందుకు జరిగి, తెరని తేరిపార చూసి, బావ తల నిమిరింది. "ఎంత నిమ్మళంగ నడుపుతున్నవురా! అవ్, బండంటే గట్ల తోలాలె." నాయిన తలాడించాడు. "ఎంపిక మంచిగనే ఉంది," అని కానుకల సంచి మడిచి లోపల పెట్టుకున్నాడు.

నాయనమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. బావ ఇప్పుడు సత్తుపల్లి బొగ్గు గనిలో టిప్పర్ నడుపుతాడు, ఇంతవరకు బండి మీద ఒక్క గీత పడలేదు. "అమ్మమ్మ ఇచ్చిన లైసెన్సు రా బామ్మర్దీ," అంటాడు. నేను అభిప్రాయాలన్నీ చదివాక కూడా, ఆర్డరు బటన్ నొక్కే ముందు కళ్ళు మూసుకుంటాను. ఏది కొనమంటావని ఇప్పుడు అడగను. కొన్నది ఎక్కడో ఒకచోట పట్టేటట్టు చూడు తండ్రీ అంటాను, అంతే.