తొక్కు, పట్టు, వదులు

"బరకం కప్పావా?" అన్నారు. "కప్పానండి" అన్నాను. మా ఆయనా నేనూ ఆఖరుసారి మాట్లాడుకున్నవి ఈ రెండు ముక్కలే, రాజమండ్రి ఆసుపత్రిలో, కిటికీ బయట వాన పడుతుంటే. నా గతేంటని అడగలేదు, పైన పట్టా లేక షెడ్డులో ఉన్న కారు తడుస్తుందేమోనని అడిగి కళ్ళు మూసుకున్నారు. అలాగే రాయి తల్లీ, మెత్తగా మార్చకు.

ఇది చదివే నా ఈడు వాళ్ళకి చెబుతున్నాను, నాకు సంతకం తప్ప రాయడం రాదు, రాస్తున్నది మా మరిది కూతురు. నిన్న కడియం వచ్చి, వాళ్ళమ్మాయి పెళ్ళికి పెదనాన్న కారు కావాలంది. పాత కార్లలో కూర్చుని ఫొటోలు తీయించుకోవడం ఇప్పుడు గొప్పట. ముందు నేను చెప్పేది కాగితం మీద పెట్టు, తాళం సంగతి తర్వాత అన్నాను.

తణుకులో ఒక షావుకారు గారి వాకిట్లో పడి ఉంటే, తొంభైల్లో కొనుక్కొచ్చారు దాన్ని. నల్లటి పొడుగాటి విదేశీ కారు, తోలు సీట్లు, లోపలంతా నున్నటి చెక్క. మొక్కల తోట మీద బతికే మీకు ఇదెందుకండీ అని ఊరంతా అడిగింది, నేనూ అడిగాను. రాజమండ్రి మెకానిక్కులు బానెట్ ఎత్తి చూసి, దీని సామాను దొరకదండీ, మీకు కుండీలు ఎలాగూ ఉన్నాయి, దీనిమీద పేర్చుకోండి అని నవ్వారు. ఆ నవ్వుకి ఆయనకి పట్టుదల వచ్చింది, నాకు చాకిరీ వచ్చింది.

కాలవ పక్క ఇల్లు కదా, చెమ్మకి అడుగు రేకు తుప్పుపట్టి చిల్లులు పడితే నూనె డబ్బాలు కోసి అతికించేవారు, ఎలుకలు కొరికిన తీగలు ముడేసేవారు, రబ్బరు వాషరు పోతే లారీ ట్యూబు కత్తిరించి వేసేవారు. నేను కిరసనాయిల్లో బోల్టులు కడిగి, ఆ చేతులే తోముకుని పప్పు వండితే, వచ్చిన చుట్టాలు వాసన చూసి మొహాలు చిట్లించేవారు. బ్రేకుల పనికి మాత్రం ఇద్దరు కావాలి. ఆయన కారు కింద పడుకుంటే నేను డ్రైవరు సీట్లో కూర్చుని, తొక్కు అంటే తొక్కి, పట్టు అంటే పట్టి ఉంచి, వదులు అంటే వదిలేదాన్ని. మా కాపురంలో ఆయన నాతో ఎక్కువగా అన్న మాటలు ఆ మూడే. అంతా బాగయ్యాక నిన్ను ద్రాక్షారామం తీసుకెళ్తాననేవారు. అది ఏనాడూ అంతా బాగవలేదు.

అయినా ఊళ్ళో పెళ్ళంటే ఆ కారే. బయల్దేరే ముందు దానికి పసుపూ కుంకుమా పెట్టి హారతివ్వడానికి ముత్తయిదువనని నన్నే పిలిచేవారు. కారులో చోటుందని మాత్రం ఎవరూ అనేవారు కాదు.

ఆయన పోయిన మరుసటేడు ఇది రాస్తున్న ఈ పిల్లకే పెళ్ళి కుదిరింది, అదీ ద్రాక్షారామం గుళ్ళో. మా మరిదికి తోలడం వచ్చు గాని బాగుచెయ్యడం రాదు. ప్లగ్గులు గీకింది నేను, సీట్లకి కొబ్బరినూనె రాసింది నేను, ఈసారి మరిది తొక్కితే కారు కింద పడుకున్నదీ నేనే. తీరా పెళ్ళికూతురు గుమ్మం దిగే వేళకి నా తోటికోడలు వచ్చి, "అక్కా, కాస్త వంటింట్లో కూర్చోండి, పిల్లకి ఎదురుగా…" అని ఆగిపోయింది. వెళ్ళి కూర్చున్నాను.

కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. తర్వాత సెల్ఫు కొడుతూనే ఉన్నారు, ఇంజను పలకలేదు. డిక్కీలో ఉన్న పెట్రోలు పంపు బిగుసుకుందని, దానిమీద స్పానరుతో రెండు తట్లు తడితే చాలని నాకు గోడ ఇవతలే తెలుసు. ముహూర్తం దాటిపోతోందని మగవాళ్ళు కంగారుపడుతుంటే మరిది గుమ్మంలోకి వచ్చి, "వదినా, ఒక్కసారి రండి" అన్నాడు. "నా మొహం చూడకూడదుగా, పిల్లని దింపి లోపల పెట్టండి, అప్పుడొస్తాను" అన్నాను. పర్వాలేదు రండి అంటారనుకున్నాను. పెద్దమ్మే కదా అని కార్లోంచి ఈ పిల్లయినా అంటుందనుకున్నాను.

దింపారు. కుచ్చిళ్ళు పట్టుకుని దిగి, తల తిప్పకుండా లోపలికెళ్ళింది. నేను పెరటి దారిన వచ్చి పంపు తట్టాను, ఇంజను పలికింది, అంతా అటు తిరిగి నిలబడ్డారు, మళ్ళీ పెరటి దారినే పోయాను. ద్రాక్షారామం వెళ్ళింది కారు. పొగ వాసన వంటింట్లోకి వచ్చింది. అది తిరిగొచ్చాక తాళం కొంగున ముడేసుకున్నాను, మళ్ళీ ఏ పెళ్ళికీ ఇవ్వలేదు.

ఇప్పటి కార్లకి బటన్ నొక్కితే చాలట, పంపెక్కడుందో తెలిసినవాళ్ళతో పనిలేదు. ఇప్పుడు ఆ ఎదురూ శకునాలూ ఎవరూ పట్టించుకోవడం లేదు పెద్దమ్మా అంటోంది ఈ పిల్ల. మంచిదే. పట్టించుకున్న రోజుల్లో నేను బతికాను. ఆయన అడిగిన బరకం ఎప్పుడో చివికిపోయింది, కదలని కారు మీద ఏటేటా కొత్తది తెచ్చి కప్పుతూనే ఉన్నాను, ఎవరికి జవాబు చెప్పాలనో నాకే తెలియదు.

కలం ఆపావేం? దింపారు అన్నది రాశావా? తాళం ఇదిగో, కొంగునే ఉంది. ముందు ఆ దింపిన దగ్గర్నుంచి ఒకసారి చదువు తల్లీ, నాకు వినబడేలా.