రెక్కలో మూడు దెబ్బలు

పిట్ట అబద్ధాలాడని మనిషేమీ కాదు. వయసడిగితే నాలుగేళ్ళు తగ్గించి చెప్పేది. అక్క వండిన కూర గొంతు దిగకపోయినా "అబ్బ, ఎంత బాగుందే" అంటూ మారు వడ్డించుకునేది. సెలవు కావాలంటే లేని జ్వరం తెచ్చుకునేది. కానీ చేతిలో ఇనుప దిమ్మ పట్టుకుని విమానం రెక్కలోకి దూరిందంటే మాత్రం, పదహారేళ్ళలో ఒక్క అబద్ధం ఆడింది లేదు.

పిట్ట అన్నది ఇంట్లో పెట్టిన పేరు కాదు, షెడ్డులో పెట్టింది. మనిషి నాలుగున్నర అడుగులు. రెక్క లోపల పని చెయ్యాలంటే అలాంటి మనిషే కావాలి. బయటినుంచి చూసేవాళ్ళకి రెక్క పల్చటి రేకులా ఉంటుంది గానీ, లోపల అదొక పొడుగాటి ఇరుకు గది. అడుగడుగునా అడ్డగోడలు. దూరడానికి పెద్ద పళ్ళెమంత కంత. ముందు చేతులు, తర్వాత తల, ఆ తర్వాత భుజాలు ఒకదాని వెనక ఒకటి దూర్చి, టార్చి నోట కరుచుకుని పాకాలి. సీలు వేసే జిగురు వాసనకి మొదటి నెలంతా ఆమెకి వాంతులయ్యాయి. ఆ తర్వాత ఆ వాసన లేనిచోట నిద్ర పట్టేది కాదని నవ్వుతూ చెప్పేది.

ఆ ఉద్యోగం ఇప్పించింది అక్క మొగుడే. బావ అదే షెడ్డులో రివిట్లు కొట్టే గన్ను పట్టేవాడు. రేకునీ అడ్డగోడనీ కలిపి కుట్టేది రివిట్టే. బావ బయట నిలబడి గన్నుతో దాని తల మీద కొడతాడు. లోపల పిట్ట దాని తోకకి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటుంది. గన్ను దెబ్బకీ దిమ్మకీ మధ్య నలిగి తోక గుండీలా చదునవుతుంది. సరిగ్గా చదునైందా, పక్కకి ఒరిగిందా అన్నది లోపలున్న మనిషికి తప్ప ఇంకెవరికీ కనిపించదు.

ఆ మోతలో అరిచినా వినపడదు, చెవులకి బిరడాలు. అందుకని మాటలన్నీ దిమ్మతోనే. రేకు మీద ఒక దెబ్బ కొడితే, మళ్ళీ కొట్టు. రెండు కొడితే, బాగుంది, పక్కదానికి పద. మూడు కొడితే, చెడింది, పీకెయ్. అంతే భాష. ఒకరి మొహం ఒకరికి కనిపించకుండా పదహారేళ్ళు ఆ మూడు మాటల మీదే బావా మరదళ్ళు ఎన్ని లక్షల రివిట్లు వేశారో లెక్క లేదు.

"మీ అక్క నోటికంటే నీ దిమ్మే నయం పిట్టా," అనేవాడు బావ, టీ తాగేటప్పుడు. "మూడు మాటల్లో తేల్చేస్తుంది."

"ఈ మాట అక్కకి చెప్పనా?"

"చెప్పు, చెప్పు. ఆ మూడు దెబ్బలూ నా వీపుకే."

వాళ్ళింటి మేడమీద రెండు గదుల్లో ఉండేది పిట్ట. కింద అక్క, బావ, ఇద్దరాడపిల్లలు. ఆమె పెళ్ళెందుకు చేసుకోలేదంటారా, అదో పెద్ద భాగోతం, ఇక్కడ మనకి అక్కర్లేదు. పిల్లలిద్దరూ పిన్ని పక్కలోనే పెరిగారు. అది చాలనుకుంది.

అంతవరకూ పరాయి వాళ్ళ విమానాలకి ముక్కలు చేసిపెట్టిన కంపెనీ, ఒక ఏడాది సొంత విమానం మొదలుపెట్టింది. మరీ బుల్లిదీ కాదు, సముద్రాలు దాటే బ్రహ్మాండమూ కాదు, మధ్యరకం. ఒకటి కాదు, మూడు. చిన్నది, నడిమిది, పొడుగుది. మూడింటికీ రెక్కలు అవే, పొట్ట పొడవులోనే తేడా. ముందు నడిమిదాన్ని కట్టాలి. "ఒక తల్లి బిడ్డలనుకోండి," అని పెద్దాయన మైకు ముందు నిలబడి చెప్పాడు. తల్లి ఎవరో చెప్పలేదు. రెక్కలో పాకే ఆడవాళ్ళు మాత్రం నడుములు పట్టుకుని నవ్వుకున్నారు.

రెండేళ్ళలో అవుతుందన్నది నాలుగేళ్ళకి కూడా తెమల్లేదు. చివరికి విమానాన్ని షెడ్డులోంచి బయటికి లాగే వేడుకకి తేదీ పెట్టేశారు. అతిథులకి పిలుపులు వెళ్ళిపోయాయి. ఇంకెన్ని రోజులుందో గోడమీద రోజూ అంకె మార్చేవారు. ఆ అంకె చూస్తే ఎవరికీ అన్నం సయించేది కాదు.

అంకె ఒకటికి దిగిన రోజు మధ్యాహ్నం. ఎడమ రెక్కలో చివరి వరస, నలభై ఒక్క రివిట్లు. బావ వరసగా రెండో షిఫ్టులో ఉన్నాడు, కళ్ళు చింతనిప్పులు. వెనకాల ఫోర్‌మన్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ముప్ఫై నాలుగు బాగానే పడ్డాయి. ముప్ఫై ఐదోది కొట్టేటప్పుడు గన్ను ఒరిగింది. లోపల తోక పక్కకి పడిపోయింది. పిట్ట మూడు కొట్టింది.

గన్ను ఆగింది. తర్వాత పక్క రివిట్టు మీదికి జరిగింది. వినపడలేదేమో అనుకుని పిట్ట ఈసారి గట్టిగా, మళ్ళీ మూడు కొట్టింది.

బయటినుంచి రెండు దెబ్బలు వినిపించాయి. బాగుంది, పద.

పదహారేళ్ళలో బయటినుంచి ఎప్పుడూ ఆ భాషలో మాట రాలేదు. చెప్పాల్సింది లోపలి మనిషి, వినాల్సింది బయటి మనిషి. ఇంతలో గన్ను మళ్ళీ మోగింది. దిమ్మ ఆనించకపోతే రేకే చొట్టపోతుంది, చచ్చినట్టు ఆనించింది. అదీ ఒరిగింది. ఆ పక్కదీ ఒరిగింది. అలా ఏడు.

కంతలోంచి బయటపడి, బిరడాలు పీకి అడిగింది. "చెవుల్లో సీసం పోసుకున్నావా బావా?"

"అరవకు." బావ ఫోర్‌మన్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "రేపు బయటికి లాగాలి. వేడుకవగానే మళ్ళీ లోపలికే వస్తుందిగా. అప్పుడు మనిద్దరమే ఏడూ పీకి కొత్తవి వేద్దాం."

"అయితే కాగితం మీద రాద్దాం."

"రాస్తే ఆపేస్తారే పిట్టా! ఇన్నేళ్ళ తర్వాత నా మాట మీద ఆమాత్రం నమ్మకం లేదా?"

కాగితం మీద రెండు ముద్రలు పడాలి. బయట పనికి బావది, లోపల పనికి పిట్టది. ఆమె ముద్ర ఇత్తడిది, ఇరవై ఏడో నంబరు, మెళ్ళో తాడుకి వేలాడేది. ఇక్కడ పిట్టని వెనకేసుకురావడం నావల్ల కాదు. ఆమె ముద్ర వేసింది. ఉద్యోగం ఇప్పించినవాడు, ఇల్లిచ్చినవాడు, పైగా బావ. అయినా వెయ్యకూడదు. వేసింది.

మర్నాడు బ్యాండు మేళం, దీపాలు, చప్పట్లు. తెల్లగా మెరుస్తూ నడిమిది బయటికి వచ్చింది. పిల్లలు "మా నాన్న కట్టిన విమానం" అని గంతులేశారు. పిట్టకి ఎడమ రెక్కలో ఆ జానెడు మేర తప్ప ఇంకేం కనిపించలేదు.

నడిమిది తిరిగి వాళ్ళ షెడ్డుకి రానేలేదు. రంగులకి ఒక చోటు, ఇంజన్లకి ఇంకో చోటు, అట్నుంచటు గాల్లోకి. బస్సులో అడిగింది, మెట్ల మీద అడిగింది, "బావా, ఆ ఏడూ?" అని. మొదట్లో రేపన్నాడు, తర్వాత వచ్చే వారమన్నాడు, ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా వేరే బస్సెక్కడం మొదలుపెట్టాడు. తిన్నగా తనిఖీవాళ్ళ దగ్గరికి పోయి చెప్పొచ్చుగా అంటారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది మరి. నడిమిది పరీక్షకి ఎగిరినప్పుడల్లా షెడ్డు బయట నిలబడి, అది తిరిగి దిగేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. పైన ఇద్దరు పైలట్లు. వాళ్ళకీ అక్కలుంటారు, పిల్లలుంటారు అనుకునేది.

ఐదో నెలలో తనిఖీ ఆయన మామూలుగా చూడ్డానికే కంత మూత విప్పాడు. కర్రకి కట్టిన అద్దం లోపలికి పెట్టి, టార్చి వేశాడు. ఏడూ కనిపించాయి. విమానం నేలమీద నిలిచిపోయింది. కాగితాలు బయటికి వచ్చాయి. లోపలి ముద్ర, ఇరవై ఏడు.

బావని ముందు పిలిచారు. పిట్ట వంతు మర్నాడు. ఆ సాయంత్రం అక్క ఉతికిన తువ్వాళ్ళు పట్టుకుని మేడెక్కింది.

"నువ్వు రెండే కొట్టావని చెప్పాడట ఆయన," అంది, మంచం మీద కూర్చుంటూ.

"మూడు కొట్టానక్కా. రెండుసార్లు."

"ఎవరు విన్నారే? గాల్లో పోయిన చప్పుడేగా. ఆయన ఉద్యోగం పోతే మేం నలుగురం రోడ్డున పడతాం. నువ్వు ఒంటికాయ శొంఠికొమ్ములా ఉన్నావు, ఎక్కడైనా బతుకుతావు. రెండే కొట్టానని ఒక్క మాట అను, నీకు పుణ్యముంటుంది."

"నువ్వు నమ్ముతున్నావా, నేను రెండు కొట్టానని?"

అక్క మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "నాకేం తెలుస్తుందే. నేనెప్పుడైనా రెక్కలోకి దూరానా?"

మర్నాడు ఆఫీసు గదిలో, ఫ్యాను కింద, మెత్తటి కుర్చీలో కూర్చుని పిట్ట తన పని మీద మొట్టమొదటి అబద్ధం ఆడింది. "రెండే కొట్టాను. సరిగ్గా చూసుకోలేదు."

"పదహారేళ్ళలో ఎప్పుడూ లేనిది?" అన్నాడు తనిఖీ ఆయన.

"కళ్ళు మసకబారాయండీ."

ఆయన కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత రాసుకున్నాడు. ముద్రని మెళ్ళోంచి తీయించి, ఆమె ఎదురుగానే ఇనుప బల్ల మీద పెట్టి సుత్తితో నలగ్గొట్టారు, ఇంకెవరూ వాడకుండా. అది పద్ధతి. ఏడు రివిట్లూ మార్చడానికి వాళ్ళకి పట్టింది ఒక్క పూట. ఒక్క పూట పనికి పిట్ట పదహారేళ్ళ మాట పోయింది.

పాపం కళ్ళు పోయాయట అని షెడ్డంతా జాలిపడింది. తిట్టినా బాగుండేది. ముద్ర లేక రెక్క పని పోయింది, పిట్ట ఇనుప బీరువాలు చేసే చోట కుదిరింది. సూదిలో దారం ఇప్పటికీ మొదటి తడవకే ఎక్కిస్తుంది. పాత ఉద్యోగం గుర్తుగా ఆమెకి మిగిలింది ఒక్కటే, అరచేతి ఆకారానికి అరిగిపోయిన ఇనుప దిమ్మ. దాన్ని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది.

బావ ఫోర్‌మన్ అయ్యాడు. చిన్నది ఎగిరింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఆ తొమ్మిదేళ్ళూ బావ, పిట్ట మెట్ల మీద ఎదురుపడితే గోడకి ఒత్తుకుని దారి ఇచ్చుకున్నారు. తప్పయిందన్న ముక్క అతని నోట రాలేదు. ఈమె అడగలేదు. మేడ దిగి ఇంకెక్కడికైనా పోవాల్సింది, పిల్లల్ని వదల్లేక పోలేదు.

పొడుగుది కూడా పూర్తయింది. మొదటిసారి ప్రయాణికులతో ఎగిరే రోజున, ముప్ఫై ఏళ్ళు పనిచేసిన వాళ్ళకి తలా రెండు టికెట్లు ఇచ్చారు, బావకీ వచ్చాయి. ఆ ఆదివారం పొద్దున పిట్ట బట్టల బుట్టతో మెట్లు దిగుతుంటే కింద వంటింట్లోంచి మాటలు వినిపించాయి.

"నేనెక్కను గాక ఎక్కను," అంటోంది అక్క.

"ఏం, కళ్ళు తిరుగుతాయా? అంత పెద్ద విమానమే!"

"ఆ రెక్కల్లో అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు! అది మూడే కొట్టిందని నాకు తెలీదనుకున్నావా? ఆ రోజు దాని మొహం చూసినప్పుడే తెలిసింది. పిల్లల కోసం నోరు మూసుకున్నాను. ప్రాణం మీదికి తెచ్చుకోమంటే నావల్ల కాదు."

పిట్ట బుట్ట అక్కడే మెట్టు మీద పెట్టేసి పైకి వచ్చింది. బావ సంగతి ఆమెకి తెలిసిందే. అక్కకి తెలియదనుకునే తొమ్మిదేళ్ళూ నెట్టుకొచ్చింది. తలుపు వేసుకుని, మంచం మీద కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

కాసేపటికి మెట్ల మీద అడుగులు. తలుపు మీద మెల్లిగా రెండు దెబ్బలు.

"పిట్టా," అన్నాడు బావ, తలుపవతల నిలబడి. "మీ అక్కకి భయమట. రెండో టికెట్టు ఊరికే పోతుంది. నువ్వు రాకూడదూ? కిటికీ పక్క సీటు. రెక్క బాగా కనిపిస్తుంది."

పిట్ట లేచింది. గోడవారనున్న దిమ్మ తీసుకుంది. చెయ్యి పట్టు మర్చిపోలేదు. తలుపు మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు.

ఈసారి గన్ను మోత లేదు, చెవులకి బిరడాలు లేవు, వెనకాల గడియారం పట్టుకున్న మనిషి లేడు. పిట్ట మళ్ళీ కొట్టింది. మూడు.

అడుగులు నెమ్మదిగా మెట్లు దిగాయి. కింద అక్క గొంతు వినిపించింది. "ఏమంది?"

బావ చివరి మెట్టు మీద కూర్చున్నాడు.

"మూడు కొట్టింది," అన్నాడు.