నవమి నాటి పానకం

రత్నమాణిక్యానికి భయం పుట్టుకతోనే వచ్చిందని, నరసాపురం దగ్గరి ఆ ఊళ్లో అందరూ చెప్పుకుని నవ్వుకునేవారు. ఉరిమితే భయం, కరెంటు పోతే భయం, బల్లి మీద పడితే ఇక ఆ పూటంతా స్నానాలే. నవ్వేవాళ్లదేం పోయింది, ఎన్నయినా నవ్వుతారు. ఆవిడ చిన్నప్పుడు వరద తీసిన వారానికి ఊరంతా వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పొద్దున్న గంతులేసిన తమ్ముడు సాయంత్రానికి కళ్లు లోతుకుపోయి ప్రాణం వదిలాడు. వాడు తాగిన నీళ్లు తేటగానే ఉన్నాయి. అది మాత్రం ఆవిడ మరిచిపోలేదు.

అలాంటి మనిషికి పంచాయతీవాళ్లు మంచినీళ్ల చెరువు పరీక్ష అప్పగించారు. డ్వాక్రా సంఘంలో మిగతావాళ్లంతా తలో వంక చెప్పి తప్పించుకున్నారు. ఈవిడకు కాదనడానికీ భయమే. పని పెద్దదేం కాదు. మందున్న చిన్న సీసాలో చెరువు నీళ్లు పోసి, మూత బిగించి, ఒక రోజు వదిలెయ్యాలి. మురుగు కలిసిన నీళ్లయితే సీసా నల్లబడుతుంది. దాన్ని దేవుడి గూటి పక్కన పెట్టుకుని, వస్తూ పోతూ చూసుకునేది. ఎప్పుడూ నల్లబడలేదు. మీకు జడిసే అది రంగు మారట్లేదు అత్తయ్యగారూ అని కోడలు హారతి ఆటపట్టించేది.

వేసవిలో కాలువలు కట్టేస్తారు గనక, ముందే చెరువు నింపుకోవాలి. ఈ ఏడు ఆ నింపుకునే రోజుల్లోనే ఎగువ ఊళ్ల మురుగంతా కాలువలోకొచ్చి పడింది. నాలుగు రోజులకు చెరువు తేరుకుంది. నీళ్లు భేషుగ్గా ఉన్నాయని అందరూ సంతోషించారు.

శ్రీరామనవమి నాడు కోడలు, మనవరాలు ముందే పందిరికి వెళ్లిపోయారు. వెనకాల బయల్దేరబోతూ రత్నమాణిక్యం గూటి వైపు చూసింది. ముందురోజు నింపి పెట్టిన సీసా కాటుకలా నల్లగా ఉంది.

ఇంట్లో అయితే నీళ్లు కాచుకుని తాగుతారు. పానకం ఎవరు కాస్తారు? చెరువు నుంచి బిందెలతో తెచ్చిన పచ్చినీళ్లలో బెల్లం, మిరియాలు కలపడమే ఆ ఊరి ఆనవాయితీ. పిల్లాజెల్లా అంతా తాగుతారు. ఆ మాట ఎవరితో అనాలి, ఏమంటారో, పండగ పూట అపశకునం పలికిందని ఎంత తిడతారో అనుకుంటూ గుమ్మంలోనే కూలబడింది. మైకులో మంగళసూత్రధారణ వినబడి, అక్షింతలు కూడా పడ్డాక గానీ లేవలేకపోయింది.

పందిట్లో బల్ల మీద ఇత్తడి గంగాళం ఉంది. జనం వరస కట్టారు. ఉత్సవం నడిపే పెద్దమనిషి సూర్యరాజు దగ్గరకు వెళ్లి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది.

"రాజుగారండీ, ఆ పానకం పంచొద్దండి. సీసా నల్లబడిందండి."

"ఏంటమ్మా, నవమి పూట ఆ మాటలు? రాముడికి నైవేద్యం పెట్టింది. ప్రసాదానికి మైలేంటి?"

ఆయన కోపంగా కూడా అనలేదు. సీసా సంగతి రేపు చూద్దామని పంపెయ్యబోయాడు. ఆవిడ వెనక్కి తిరిగింది కూడా, పాపం. అప్పుడే వరసలో మనవరాలు సాయిదుర్గ కనబడింది. స్టీలు గ్లాసు నోటిదాకా ఎత్తింది.

రత్నమాణిక్యం గ్లాసు లాగి పారబోసింది. ఆ ఊపులోనే గంగాళాన్ని రెండు చేతులా తోసేసింది. పందిరంతా పానకం పారింది. వెనకనుంచి ఎవరో అపచారం, అపచారం అన్నారు. ఊరు ఏం చేస్తుందో, దేవుడు ఏం చేస్తాడో. ఏం చేసినా సరే, పిల్ల దక్కింది అనుకుని ఆవిడ దాన్ని పొట్టకు హత్తుకుంది.

సాయిదుర్గ ఏడుపుమొహం పెట్టి ఖాళీ గ్లాసు వైపు చూసింది.

"ఎందుకు పారబోశావు మామ్మా? ఇందాక తాగిన గ్లాసు ఎంత తియ్యగా ఉందో."