తలుపు లేని కొట్టు

వడ్రంగి మేస్త్రీ కొట్టుకు తలుపు లేదు. పని చేసుకోవడానికి వచ్చేవాళ్లకు బల్ల చాలడం లేదని, ఇరవై ఏళ్ల కిందట మడతబందులు తనే ఊడబీకి, ఆ తలుపును రెండు దుంగల మీద బల్లగా పరిచాడు. బొమ్మలు చెక్కే అమ్మాయి, గిటార్లు చేసే పరదేశి, నాటకాలకు సింహాసనాలు తయారుచేసే మొగుడూపెళ్లాలూ, ఎవరొచ్చినా ఏ ఊరని అడగడు. ఉలి చేతికిస్తాడు. పట్టు తప్పితే మాత్రం నెత్తిన మొట్టికాయ పడుతుంది. వాళ్ల పనితనం నలుగురి నోటా పడి, అలాంటివాళ్ల కోసం కంపెనీలు వచ్చాయి. కంపెనీల కోసం వీధంతా అద్దాల మేడలు లేచాయి. ఎదుటి మేడలో బొమ్మల అమ్మాయే ఇప్పుడు యజమానురాలు.

"మా కొత్తవాళ్లకు ఒకసారి చేతిపని చూపించు బాబాయ్," అని ఆమె నిన్న పిలిచింది. మేస్త్రీ ఉతికిన చొక్కా తొడుక్కుని, ఉలిని గుడ్డలో చుట్టుకుని ఈ ఉదయం వెళ్లాడు. గుమ్మం దగ్గర కాపలావాడు, కొత్తగా వచ్చినవాళ్ల ముద్ర ఎక్కించుకునే వేలిముద్రల మిషన్ చూపించాడు. వేలు పెడితే ఎర్రదీపం వెలిగింది. నలభై ఏళ్లుగా చెక్కను నున్నగా రుద్దిన ఉప్పుకాగితం ఆ వేలి గీతలను ఎప్పుడో తినేసింది.

"ఇంకో వేలు పెట్టండి పెద్దాయనా."

పది వేళ్లూ అయ్యాయి.

"ముద్ర పడకపోతే తలుపు తెరుచుకోదండీ. నా చేతుల్లో ఏం లేదు."

"నా వేళ్ల మీదా ఏం లేదు నాయనా."

అద్దం అవతల అమ్మాయి ఫోన్లో మాట్లాడుతూనే, నవ్వుతూ లోపలికి రమ్మని చెయ్యి ఊపింది. మేస్త్రీ కూడా ఊపాడు. అలవాటుకొద్దీ అతని కళ్లు మడతబందుల కోసం తలుపు అంచంతా పైనుంచి కిందికి వెతికాయి. ఆ అద్దానికి ఒక్కటీ లేదు.