వేదిక మీద చాట

నిజామాబాద్‌లో మా ఇంటికి దగ్గరి పార్కులో చిన్న బహిరంగ వేదిక ఉంది. పైన రేకుల కప్పు, ముందు సిమెంటు మెట్లు. ఆదివారం సాయంత్రాలు ఎవరైనా సరే పేరిచ్చి పాడుకోవచ్చు. వినేవాళ్లలో సగం మంది వాకింగ్‌కు వచ్చి కాళ్లు నొప్పిపుట్టి కూర్చున్నవాళ్లే. అయినా మా అవ్వకు ఒక్కసారి అక్కడ పాడాలని ఉండేది.

అవ్వ అంటే మా అమ్మ. నలభై ఏళ్లుగా బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు, దారం; నోట్లో పాట. కోటగిరి దగ్గరి పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెరుకు బండ్ల పాటైతే మా వాడకట్టు మొత్తానికి వచ్చు.

"ఇంట్ల పాడితే ఎవరింటరే? ఒక్కసారన్న నల్గురు కూసోని ఇంటే బాగుండు" అనేది. ఆ మాట పట్టుకుని నేనే వెళ్లి ఆమె పేరిచ్చి వచ్చాను.

ఇక అక్కడి నుంచి నా పెత్తనం మొదలైంది. ఆ ఆదివారం కొత్త చీర కట్టించాను. తంబాకు వాసన పోవాలని నిమ్మచెక్కతో చేతులు తోమించాను. బయలుదేరేటప్పుడు చాట చంకన పెట్టుకోబోతే కసిరాను.

"గా చాట లేకుంట గంట సేపు ఉండలేవా? నా ఇజ్జత్ తియ్యకు."

అవ్వ చాట గోడకు ఆనించి వచ్చేసింది.

మైకు ముందు నిలబడ్డాక ఆమెకు పాట సాగలేదు. మొదలుపెట్టింది, ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగింది. వేళ్లు మాత్రం ఊరుకోవడం లేదు. కొంగు చివర చుడుతున్నాయి, విప్పుతున్నాయి. వెనక మెట్ల మీద ఎవరో నవ్వారు. అవ్వ కళ్లు నాకోసం వెతికాయి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు మాతో వచ్చిన పక్కింటి అక్క లేచింది. ఆమె పెళ్లికి పోయినా చాట వెంట తీసుకుపోయే రకం. ఆ రోజూ తెచ్చుకుంది, దానికీ నేను మూతి ముడిచాను. తంబాకును కవర్లోకి వంపి పక్కన పెట్టి, ఉత్త ఆకుతో చాట పట్టుకుని నేరుగా వేదిక ఎక్కింది.

"నిలవడితే పాట యాడికెల్లి వస్తది పెద్దవ్వా? కూసో" అంటూ అవ్వను కూర్చోబెట్టి, చాట ఒళ్లో పెట్టింది. మైకు కూడా తనే కిందికి దించింది.

అవ్వ ఆకు తీసింది. వేళ్లు దాన్ని చుట్టాయి. పాట దానంతట అదే వచ్చింది, ఇంట్లో పాడినంత నిబ్బరంగా. పల్లవి దగ్గర మెట్ల మీది ఆడవాళ్లు గొంతు కలిపారు. వాళ్లలో కొందరి వేళ్లు ఖాళీ ఒళ్లోనే కదులుతున్నాయి. నేను ఏడ్చాను, దాచుకోలేదు. పాట అయ్యేసరికి చాటలో తంబాకు లేని బీడీలు నాలుగు ఉన్నాయి.

ఆ రేకుల కప్పుకు, ఆ మెట్లకు, అందరికంటే ముందు ఆ అక్కకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. ఆరోజు అవ్వ కోరిక నేను నిలబెట్టబోయి చెడగొట్టాను, ఆమె కూర్చోబెట్టి తీర్చింది.

తిరుగు దారిలో అక్క చాట అందుకోబోతే ఇవ్వలేదు. జనం నిండిన బజారు మధ్య నుంచి నేనే చంకన పెట్టుకుని నడిచాను.

అవ్వ నా వైపు చూసి నవ్వింది.

"ఇప్పుడు పోదానే నీ ఇజ్జత్?"

నేను ఇల్లు వచ్చేదాకా చాట దించలేదు.